ఆగిన బండిని ఆగినచోటే అడగాలి

రండి నాయనా, ఇట్లా చాప మీద కూర్చోండి. తల్లీ, ఆ ప్లగ్గు పానా, ఒక పాత గుడ్డపేలిక పట్టుకురా. ఇవాళ మన కబుర్లన్నీ టీవీఎస్ బండి మీదే.

మన రాజోలిలో ఈ బండి చేయని పని లేదు. పొద్దున పాల క్యాన్లు, మధ్యాహ్నం ఎరువు బస్తా, సాయంత్రం పచ్చిగడ్డి మోపు. నేసిన చీరలు గద్వాలకు పోవాలన్నా, నూలు, జరీ మగ్గం దగ్గరికి రావాలన్నా దీని మీదే. కాళ్ళ దగ్గర అంత ఖాళీ జాగా పెద్ద మోటారు సైకిళ్ళకు ఉండదు. 1980లో హోసూరు ఫ్యాక్టరీ నుంచి టీవీఎస్ 50 వచ్చింది. ఇంజనులో పిస్టను ఆడే జాగా 50 మిల్లీలీటర్లకు, అంటే 50 సీసీకి మించదు. పెడళ్ళు తొక్కి స్టార్టు చేసేవాళ్ళు. ఆ తర్వాత 70 సీసీ ఎక్సెల్ సూపర్, 2015లో ఎక్సెల్ 100 వచ్చాయి. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక, గాలి, పెట్రోలు కలిపే కార్బొరేటర్ పోయి పెట్రోలును చిమ్మే ఎఫ్ఐ వచ్చింది.

ఏ మోడలైనా లోపల జరిగేది ఒకటే. గాలి, పెట్రోలు కలిసి లోపలికి పోతాయి. పిస్టను వాటిని నొక్కుతుంది. ప్లగ్గు నిప్పురవ్వ పుట్టిస్తుంది. మంట లేచి, వేడి వాయువు వ్యాకోచించి పిస్టనును తోస్తుంది. పాతవి టూ స్ట్రోకు కాబట్టి ఇరుసు తిరిగే ప్రతి చుట్టుకూ ఒక మంట. ఎక్సెల్ 100 ఫోర్ స్ట్రోకు, రెండు చుట్లకు ఒక మంట. నిమిషానికి 4000 చుట్లు తిరుగుతున్నదనుకోండి, సెకనుకు 33 సార్లు లోపల నిప్పు అంటుకుంటున్నట్టు. మన కాళ్ళ సందున అంత పని జరుగుతుంటే ఊరికే కూర్చుని పోవడం నాకు చేతకాదు. చెవి అటే పోతుంది.

కాబట్టి బండి స్టార్టు కాలేదంటే గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, పిస్టను నొక్కుడు, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి అందలేదన్నమాట. వీటిని దాటి వెతకాల్సిన పని చాలా అరుదు. అయినా మనవాళ్ళు చేసేదేమిటి? ప్లగ్గు మార్చి, కార్బొరేటర్ విప్పి, ఫిల్టరు పీకి, అన్నీ ఒకేసారి చేస్తారు. బండి స్టార్టవుతుంది. ఏది చేసినందుకు అయిందో మాత్రం ఎవరికీ తెలియదు. నెల తిరక్కుండా మళ్ళీ అదే జబ్బు. ఒకసారికి ఒక్కటే మార్చాలి నాయనా, మార్చి కిక్కు కొట్టి చూడాలి. అప్పుడే బండి చెప్పే జవాబు మనకు అర్థమవుతుంది.

మన పొలాల దారుల్లో తరచూ కనబడే జబ్బు ఒకటి చెప్తాను, జాగ్రత్తగా వినండి. బండి చేను దగ్గర బాగానే బయల్దేరుతుంది. ఊరు కనబడే వేళకు ఒకటి రెండుసార్లు ఎగిరెగిరి పడి ఆగిపోతుంది. ట్యాంకులో పెట్రోలుంది. కిక్కు కొట్టి కొట్టి కాలు నొప్పి పుట్టి, నడిపేవాడు చెట్టు కింద కూర్చుంటాడు. పావుగంట తర్వాత కొడితే ఒక్క కిక్కుకే అందుకుంటుంది. మళ్ళీ అంతే దూరం పోయి ఆగిపోతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే అక్కడ శుభ్రంగా నడుస్తుంది, ఏం చేస్తాడు పాపం!

దీనికి ముఖ్యంగా రెండు కారణాలుంటాయి. ఒకటి పెట్రోలు ట్యాంకు మూత. ఆ మూతకు సన్నని గాలిరంధ్రం ఉంటుంది. కార్బొరేటర్ బండ్లలో పెట్రోలు పంపు ఉండదు, పైనున్న ట్యాంకు నుంచి తన బరువుతోనే కిందికి దిగుతుంది. అది దిగిన కొద్దీ ఖాళీ అయిన జాగాలోకి గాలి రావాలి. నల్లరేగడి దుమ్ముతో ఆ రంధ్రం పూడిపోతే గాలి రాదు. ట్యాంకు లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి కింద పైపు వైపు నుంచి ఎదురు నొక్కుతుంది, పెట్రోలు దిగడం ఆగిపోతుంది. రెండో కారణం ఇగ్నిషన్ కాయిలు. అందులో జుట్టంత సన్నని రాగి తీగ వేల చుట్లుంటుంది. ఎక్కడో ఒకచోట పైపూత దెబ్బతిని ఉంటే, చల్లగా ఉన్నంతసేపు పనిచేస్తుంది. వేడెక్కితే కరెంటు అడ్డదారి పట్టి, ప్లగ్గుకు రవ్వ పోదు.

చూశారా, చెట్టు కింద కూర్చున్న పావుగంటలో ఈ రెండు ఆనవాళ్ళూ మాయమైపోతాయి. మూత సందుల్లోంచి గాలి మెల్లగా దూరుతుంది, కాయిలు చల్లారుతుంది. అందుకే ఆగిన మరుక్షణం చూడాలి. ముందు ట్యాంకు మూత తిప్పండి. సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకుని, రెండు నిమిషాల్లో బండి స్టార్టయిందా, జబ్బు మూతదే. సన్నని తీగతో ఆ రంధ్రం పొడిస్తే సరి, పైసా ఖర్చు లేదు. చప్పుడు లేదు, స్టార్టూ కాలేదంటే మూత బిగించి ప్లగ్గు విప్పండి. దాన్ని మళ్ళీ క్యాపులో పెట్టి, ప్లగ్గు లోహం ఇంజను లోహానికి గట్టిగా ఆనేట్టు ఉంచి కిక్కు కొట్టండి. ప్లగ్గు విప్పిన రంధ్రానికి మాత్రం దూరంగా పెట్టాలి, అందులోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. చేత్తో ఉత్త లోహాన్ని పట్టుకోకండి, అక్కడ పదివేల వోల్టులకు పైనే ఉంటుంది. నీలంగా చిటుక్కుమంటే కరెంటు బాగున్నట్టు. వేడి మీద రవ్వ లేక, చల్లారాక వస్తున్నదంటే కాయిలు మీదే అనుమానం.

ప్లగ్గు ఎట్లాగూ చేతిలో ఉంది కాబట్టి దాని మొహం చూద్దాం. తల్లీ, వెలుతురులోకి పట్టు. ఆ కొన దగ్గర తెల్లని పింగాణీ ఉంది చూడు, అది లేత గోధుమ రంగుకు తిరిగి ఉంటే లోపల మంట సరిగ్గా ఉన్నట్టు. పొడి మసి నల్లగా పేరుకుంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. చోక్ వేసి మర్చిపోయారేమో, ఫిల్టరు పూడిందేమో చూడాలి. తడితడిగా, జిడ్డుగా నల్లబడితే ఆయిలు. టూ స్ట్రోకులో ఆయిలు ఎక్కువ కలిపితే అట్లా అవుతుంది, ఫోర్ స్ట్రోకులో అయితే రింగులో, వాల్వు సీళ్ళో అరిగాయేమో చూడాలి. మరీ తెల్లగా, పొక్కినట్టుంటే పెట్రోలు చాలక ఇంజను కాగిపోతున్నట్టు. దీన్ని అశ్రద్ధ చేస్తే పిస్టను పట్టేస్తుంది. ఇంత చిన్న వస్తువు ఇంజను లోపలి సంగతంతా రాసిపెట్టి ఉంచుతుందంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఇక నాలుగోది, పిస్టను నొక్కుడు. దానికీ పరికరం అక్కర్లేదు. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు అదిమి ఒకరు కిక్కు కొడితే, లోపలి గాలి వేలిని ఎగదన్నాలి. తన్నలేదంటే రింగులో, వాల్వులో పోయినట్టు. అది మాత్రం మెకానిక్ పని.

గాలి సంగతికి వద్దాం. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో. అంటే లీటరుకు 11 కిలోల గాలి. మన ఎండల్లో లెక్కేస్తే సుమారు 10 వేల లీటర్లు! అంత గాలినీ ఆ చిన్న ఫిల్టరు వడపోయాలి. వేరుశనగ పీకే రోజుల్లో, పత్తి చేల పక్క మట్టిబాటల్లో ఎంత దుమ్ము లేస్తుందో మీకు తెలుసు. ఫిల్టరు తీసేస్తే పికప్ పెరుగుతుందని కొందరు తీసి పారేస్తారు. వద్దు నాయనా. సన్న ఇసుక రేణువు పిస్టను పక్కన చేరిందంటే సిలిండరు గోడలు గీసుకుపోతాయి.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మనది తుంగభద్ర ఒడ్డు. 2009 అక్టోబరు మొదట్లో ఏరు పొంగి ఈ ఊరు మునిగింది, కర్నూలు మునిగిందీ అప్పుడే. మగ్గాల గుంతలు నీళ్ళతో, ఒండ్రుతో నిండిపోయాయి. ఇళ్ళు పోయినవాళ్ళకు బండి ఒక లెక్కా అనుకోవచ్చు. కానీ మళ్ళీ బతుకు మొదలుపెట్టాలంటే ఆ బండే కావాలి. నీట మునిగిన బండిని చూడగానే ఎవరికైనా ముందు కిక్కు కొట్టాలనిపిస్తుంది. అదే చేయకూడని పని. గాలిని నొక్కితే తొమ్మిదో వంతుకు కుదించుకుంటుంది, ఇంజను నడిచేదే ఆ గుణం మీద. నీళ్ళు కుదించుకోవు. సిలిండరులో నీళ్ళుండగా సెల్ఫ్ నొక్కినా, బలంగా తొక్కినా పిస్టను మధ్యలోనే గోడకు తగిలినట్టు ఆగుతుంది, ఆ దెబ్బ కనెక్టింగ్ రాడ్డు మీద పడుతుంది. కాబట్టి ముందు ప్లగ్గు విప్పాలి. తాళం ఆఫ్ చేసి ఉంచి, కిక్కు చేత్తో మెల్లగా తిప్పాలి. ప్లగ్గు రంధ్రంలోంచి నీళ్ళు బయటికి చిమ్ముతాయి. కొన్ని చుక్కల ఆయిలు లోపల పోసి మళ్ళీ తిప్పాలి. కార్బొరేటర్ గిన్నె కింది స్క్రూ విప్పి నీళ్ళు వదలాలి. ఇంజనాయిలు తెల్లగా, పాలు కలిసినట్టు ఉంటే మొత్తం తీసేసి కొత్తది పోయాలి. అది కూడా ఆలస్యం లేకుండా, తుప్పు పట్టకముందే.

వరద రాకున్నా నీళ్ళు చేరే దారి ఇంకొకటి ఉంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్‌కు నీళ్ళంటే ఇష్టం, గాలిలో తేమను కూడా లాక్కుంటుంది. బండిని నెలల తరబడి కదపకుండా వానాకాలమంతా పెట్టేస్తే ట్యాంకు అడుగున నీళ్ళ పొర చేరవచ్చు. వాడని బండిలో పాత పెట్రోలు తీసేయడమే మంచిది.

ఇక మీకు నచ్చే భాగం. ఈ బండికి క్లచ్ పిడి లేదు, గేర్లు లేవు. మరి నిలబడ్డప్పుడు ఇంజను తిరుగుతున్నా చక్రం ఎందుకు తిరగదు? జొన్న చేలో మంచె మీద నిలబడి పిట్టల మీదికి వడిసెల తిప్పుతారే, రాయి బయటికి లాగుతుంటే తాడు బిగుసుకుంటుంది కదా. క్లచ్ లోపలి బూట్లు కూడా అంతే, ఇంజను వేగంగా తిరిగితే బయటికి విచ్చుకుని గిన్నె గోడను పట్టుకుంటాయి, చక్రం కదులుతుంది. వేగం తగ్గితే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగేస్తాయి. అందుకే మూడు బస్తాలు వేసుకుని కట్ట ఎక్కేటప్పుడు సగం ఎక్సిలేటర్‌తో ఈడ్చకూడదు, బూట్లు జారుతూ కాగిపోతాయి. ఇంజను గోల పెడుతుంటే బండి మాత్రం నత్తనడక నడుస్తున్నదంటే బూట్లు అరిగినట్టు.

బాగున్న బండి మీద బాధ్యతగా తిరగడంలోనూ బోలెడు సైన్సుంది. గాలి అడ్డగించే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 25 కిలోమీటర్లలో పోతే ఎంత అడ్డముంటుందో 50లో దానికి నాలుగింతలు. అందుకే ఈ చిన్న ఇంజనును విరగదొక్కితే మైలేజీ పడిపోతుంది. నమ్మకపోతే మనమే తూచి చూద్దాం. ట్యాంకు 4 లీటర్లది. బంకులో మూతి దాకా నింపించి, మీటరు అంకె రాసుకుని, వారమంతా 35–40 దాటకుండా తిరుగుదాం. మళ్ళీ అదే బంకులో, అట్లాగే మూతి దాకా నింపితే ఎన్ని లీటర్లు పట్టిందో తేలిపోతుంది. తర్వాతి వారం అదే దారిలో, అంతే బరువుతో, టైర్లలో అంతే గాలితో వేగం మాత్రం పెంచుదాం. మొదటి వారం హెల్మెట్ పెట్టుకుని నేను నడుపుతాను. అంకెలు రాసే పని నీది తల్లీ, మన ఊరి నుంచి శాంతినగర్ పోయే దారిలో సగానికి పోయాక ఇంజను గొంతు ఎట్లా మారిందో కూడా పక్కన రాయి.