‘నానోబాడీ’ శబ్దార్థ విచారము

వైద్యశాస్త్ర వ్యాసములందు నేఁడు ‘నానోబాడీ’ యను పదము తఱచుగాఁ గానవచ్చుచున్నది. దీనిని ‘సూక్ష్మదేహ’మని కాని, ‘చిన్న ప్రతిరక్షక’మని కాని తెనిఁగింపఁ దోఁచుట సహజము. అందు మొదటిది యర్థమును, రెండవది లక్షణమును జెఱచును.

‘నానో’ యనునది మరుగుజ్జను నర్థముగల గ్రీకు శబ్దమునుండి పుట్టినది. కొలతలయందు నూఱుకోట్లవ భాగమునకు సంకేతము. ఈ వస్తువు పొడవు సుమారు 4 నానోమీటర్లు, వెడల్పు 2.5. కావున రెండర్థములును బొసఁగును.

చిక్కంతయు ‘బాడీ’ యందే కలదు. ఇది దేహవాచకము కాదు. 1891లో పాల్ ఎర్లిక్ జర్మను భాషలో వాడిన సమాసమునుండి ‘యాంటీబాడీ’ యేర్పడినది. అందు ‘బాడీ’ యనఁగా వస్తువు. ఆ ‘యాంటీబాడీ’యే పూర్వపదము లోపింపఁగా ‘నానోబాడీ’ యందు నిలిచినది. సత్యభామను భామ యనుట వంటిదే యిది. లోపించిన పదము నెఱుఁగక యనువదించుట, ఆ భామను ఎవతెయో యొక స్త్రీ యనుకొనుట వంటిది.

ఇఁక ‘ప్రతిదేహ’మందమా, ‘ప్రతిదినము’వలె నవ్యయీభావమై ‘దేహదేహమునందును’ అను నర్థము స్ఫురించును. ‘ప్రతిరక్షకము’ మేలు. అనంతగిరిపై క్షయరోగ చికిత్సాలయము వెలసిన కతన ఈ ప్రాంతమున ‘క్షయ’ శబ్ద మెల్లరకుఁ బరిచితమే. దేహమును క్షీణింపఁజేయుటచే నా వ్యాధి కా పేరు. అట్లే రక్షించుటచే దీనికి రక్షకమను పేరు తగును.

వస్తుస్వరూప మిట్టిది. సామాన్య ప్రతిరక్షకమునందు రెండు బరువు గొలుసులు, రెండు తేలిక గొలుసులు కలవు. దాని భారము సుమారు 1,50,000 డాల్టనులు. ఒంటె నెత్తుట తేలిక గొలుసులు లేని ప్రతిరక్షకములును గలవని 1993లో బ్రస్సెల్సు నగరమున రేమండ్ హామర్స్ ప్రభృతులు ప్రకటించిరి. వాని బరువు గొలుసు కొనయందలి ఖండ మొక్కటియే విజాతీయ పదార్థమును గుర్తించి పట్టఁగలదు. వేఱుచేసిన యా ఖండమే నానోబాడీ. భారము సుమారు 15,000 డాల్టనులు. 2001లో స్థాపింపఁబడిన అబ్లింక్స్ అను బెల్జియము సంస్థ యీ పేరును వ్యాపారచిహ్నముగా నమోదు చేయించినది. చిన్న రక్తనాళములందు గడ్డలు గట్టు నొక యరుదైన వ్యాధికై, ఈ జాతి యౌషధమగు కాప్లాసిజుమాబ్ 2018లో యూరపునం దనుమతి పొందినది.

ఇపుడు లక్షణమును బరీక్షింతము. ‘చిన్న ప్రతిరక్షకము’ అన్నచో నతివ్యాప్తి: 1959లో రాడ్నీ పోర్టరు బొప్పాయి పాలలోని పపైనుతో ఛేదించి చూపిన శకలములును జిన్నవే, కాని నానోబాడీలు కావు. ‘ఒంటె ప్రతిరక్షకము’ అన్నచో నవ్యాప్తి: లామా, అల్పాకాలనుండియు నివి లభించును, ప్రయోగశాలయందుఁ గృత్రిమముగాను నిర్మింపఁబడును. ఒకే ఖండముతోఁ బనిచేయుటయే యసాధారణ ధర్మము. కావున ‘ఏకఖండ ప్రతిరక్షకము’ అనుట యుక్తము: ఒకటియే ఖండముగాఁ గలది యని పూర్వభాగము బహువ్రీహి, పిదప ప్రతిరక్షక శబ్దముతోఁ గర్మధారయము.

వికారాబాదు, తాండూరు ప్రాంతముల పాఠశాలలందు బోధించు పండితులు మొదట ‘నానోబాడీ’ యనియే చెప్పి, వెంటనే యీ పదముతో వివరింతురు గాక. ‘సూక్ష్మజీవి’ యనఁగా రోగకారకమని నేర్చిన బాలునకు ‘సూక్ష్మదేహ’ మన్నచో మందే రోగముగాఁ దోఁచును. శబ్దశుద్ధి యిచట నలంకారము కాదు, అర్థరక్షణము.