మీకు తెలుసా? 22 అక్షరాల జోస్యం

జన్మలో ఒక్క సిగరెట్టూ ముట్టని ఆడవాళ్లకి కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది! ఎక్కడో ఒకరికిలే అనుకుంటున్నారా? 2007లో వేసిన అంచనా ప్రకారం, ప్రపంచం మొత్తం మీద ఈ జబ్బు వచ్చిన ఆడవాళ్లలో 53 శాతం మందికి అది పొగతాగడం వల్ల వచ్చింది కాదు. మగవాళ్లలో అలాంటివాళ్లు 15 శాతమే. ఇక మన దక్షిణాసియా ఆడవాళ్ల సంగతంటారా, 80 శాతం పైమాటే!

పొగతాగనివాళ్ల ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని వేరే జబ్బుగా లెక్కగడితే, లోకంలో ప్రాణాలు తీసే క్యాన్సర్లలో దానిది ఏడో స్థానం.

ఊపిరితిత్తులే లేని ఒక పురుగు ఊపిరితిత్తుల క్యాన్సర్ గుట్టు విప్పడానికి దారి చూపిందంటే నమ్ముతారా? సి. ఎలిగాన్స్ అనే ఈ నులిపురుగు పొడవు ఒక్క మిల్లీమీటరు. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ దీనిలోనే మొట్టమొదటి మైక్రో ఆర్ఎన్ఏని పట్టుకున్నారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నోబెల్ వచ్చేసరికి 2024 అయింది, అంటే 31 ఏళ్లు! ఈ పురుగు పుణ్యాన దక్కిన నోబెల్ బహుమతుల్లో అది నాలుగోది.

మన జన్యుగ్రంథంలో 300 కోట్ల అక్షరాలుంటే, ఒక మైక్రో ఆర్ఎన్ఏలో ఉండేవి సుమారు 22. జన్యువు పొయ్యి అనుకుంటే, ఇది మంట తగ్గించే చెయ్యి. ఆ 22 అక్షరాల్లోనూ తను అణచాల్సిన జన్యు సందేశాన్ని గుర్తుపట్టడానికి ముఖ్యంగా వాడేది ఏడే ఏడు అక్షరాలు, అందుకే ఒక్కటే వందల జన్యువుల మీద పెత్తనం చేయగలదు!

లెట్-7 అనే మైక్రో ఆర్ఎన్ఏ ఆ పురుగులోనూ మీలోనూ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉంది. మనకీ దానికీ దారులు వేరై 50 కోట్ల ఏళ్లు దాటినా ప్రకృతి దాన్ని దిద్దలేదంటే, అదెంత అవసరమైన సరుకో చూడండి.

ఇంతకీ జోస్యం ఏమిటంటారా? 2004లో జపాన్ పరిశోధకులు 143 మంది ఊపిరితిత్తుల కణితులను పరీక్షించారు. లెట్-7 తగ్గిపోయినవాళ్లు ఆపరేషన్ తర్వాత తక్కువ కాలం బతికారని తేలింది. జబ్బు ఉందా లేదా అన్నది కాదు, ఉన్న జబ్బు ఎలా నడుస్తుందన్నది చెప్పే గుర్తు ఇది. ఇప్పటికైతే పరిశోధనశాలల సరుకే, మామూలుగా డాక్టరు రాసిచ్చే పరీక్ష కాదు.

పొగతాగనివాళ్ల కణితుల్లో మరీ రెచ్చిపోయే మైక్రో ఆర్ఎన్ఏ ఇంకొకటుంది: మిర్-21! 2009లో 28 మంది పొగతాగని రోగుల కణితులు చూస్తే, ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్నచోట ఇది మరింత ఎక్కువగా కనిపించింది. చావాల్సిన కణాన్ని చావనివ్వకపోవడం దీని పని.

ఆర్ఎన్ఏ అంటే ఇట్టే చెడిపోయేదని పేరు. ఈ బుడత మైక్రో ఆర్ఎన్ఏలు మాత్రం ఆస్పత్రుల్లో ఏళ్ల తరబడి మైనం దిమ్మల్లో దాచిన కణితి ముక్కల్లోనూ దొరుకుతాయి!

మరి సిగరెట్టు ముట్టనివాళ్లకి ఈ జబ్బు ఎలా వస్తుంది? చైనాలోని షువాన్వేలో ఆడవాళ్లు దాదాపు ఎవరూ పొగతాగరు, అయినా ఆ దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ అత్యధికంగా ఉన్న ఆడవాళ్లలో వాళ్లున్నారు. కారణం, ఇంట్లో కాల్చే, పొగ బాగా వచ్చే బొగ్గు. పొయ్యికి గొట్టం బిగించి పొగ బయటికి పోనిచ్చిన ఇళ్లలో ఆడవాళ్ల ముప్పు దాదాపు సగానికి పడిపోయింది. ఒక్క గొట్టం! మన కట్టెల పొయ్యి పొగ కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం వారి ‘బహుశా కారకం’ జాబితాలో ఉంది.

మొగుడు పొగతాగితే పెళ్లానికి ముప్పా? జపాన్‌లో తకేషి హిరయామా పొగతాగని 91,540 మంది భార్యలను 14 ఏళ్లు గమనించి, 1981లో అవునన్నాడు.

ఇక పొగ తెచ్చేది ఊపిరితిత్తుల క్యాన్సర్ ఒక్కటే కాదు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ఆడవాళ్లున్నారు. దాన్ని అడ్డపొగ అంటారు. ఆ సెగ నేరుగా తగిలేది అంగిలికి కాబట్టి, అక్కడి ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్ ఎక్కువ!

తెలంగాణ నుంచి మగ్గాల పనికి వెళ్లి గుజరాత్‌లోని సూరత్‌లో, లింబాయత్ వైపు, స్థిరపడ్డ నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. మరి బట్టల మిల్లు దుమ్ము ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుందా? షాంఘైలో 2,67,400 మంది మిల్లు మహిళల సమాచారంతో పరిశోధకులు లెక్కలు వేసి, పత్తి దుమ్ములోని బాక్టీరియా విషం క్యాన్సర్‌ను తగ్గిస్తున్నట్టుందని 2007లో రాశారు! మరికొన్నేళ్లు గమనించాక, 2014లో, కాదు పెంచుతుందేమో అన్నారు. సూరత్ మగ్గాల మీద నడిచేది ఎక్కువగా పాలిస్టర్, కాబట్టి ఆ రెండు జవాబుల్లో ఏదీ అక్కడికి సరిగ్గా అతకదు.