కాంతికి గీచిన గిరి

కంటికి కానరాని జీవకోటిని మానవునకు చూపినది సూక్ష్మదర్శిని. కాని దాని శక్తికిని ఒక మేర కలదు. కటకముల నెంత నేర్పుతో అరగదీసినను, కాంతిని ఒక్క బిందువున కూర్చుట సాధ్యము కాదు. అది చిన్న మచ్చగా పరచుకొనును. కాంతి తరంగ స్వభావము కలదగుటయే ఇందుకు కారణము. తరంగదైర్ఘ్యములో సుమారు సగము కంటె దగ్గరగా నున్న రెండు వస్తువులు ఒక్కటిగనే కనబడునని 1873లో జర్మను శాస్త్రజ్ఞుడు ఎర్నెస్టు అబ్బె తెలిపెను. ఆ దూరము దాదాపు 200 నానోమీటర్లు. మీటరును 100 కోట్ల భాగములు చేసిన, అందొక భాగము నానోమీటరు. యేనా నగరమందలి అబ్బె స్మారక శిలపై ఈ సూత్రము చెక్కబడి యున్నది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఇంతకంటె చిన్నవానిని చూపగలదు. కాని అందులో జీవకణములు బ్రదుకజాలవు.

స్టెఫాన్ హెల్ 1962లో రుమేనియాలోని అరాద్ పట్టణమున జన్మించెను. 1978లో తల్లిదండ్రులతో జర్మనీ చేరి, హైడెల్‌బర్గు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము నభ్యసించి, 1990లో డాక్టరు పట్టమందెను. అబ్బె గీచిన గిరిని దాటు ఉపాయ ముండి తీరునని ఆయన నమ్మెను. పెద్దలు సందేహించిరి. 1993లో ఆయన ఫిన్లాండులోని తుర్కు విశ్వవిద్యాలయమునకు వెళ్లెను. అచట ఒకనాడు కాంతిశాస్త్ర గ్రంథమును చదువుచుండగా ఉపాయము తోచెను.

కొన్ని అణువులు కాంతిని గ్రహించి, మరుక్షణమే వేరొక రంగు వెలుగును వెలువరించును. ఇదియే ప్రతిదీప్తి. జీవకణ భాగములకు ఇట్టి అణువులను అంటించి శాస్త్రజ్ఞులు పరిశీలింతురు. వెలుగనున్న అణువుపై తగిన రంగు కాంతి పడినచో, అది తన శక్తిని ఆ కాంతికే ఒసగి చల్లారును. దీనికి ఉత్తేజిత ఉద్గారమని పేరు. హెల్ పద్ధతిలో మొదటి లేజరు కిరణము మచ్చలోని అణువుల నన్నిటిని వెలుగుటకు సిద్ధపరచును. వెంటనే రెండవ కిరణము గారె వలె నడుమ రంధ్రముతో పడి, చుట్టునున్న అణువులను చల్లార్చును. నడుమ నున్న కొలది అణువులే వెలుగును. రెండవ కిరణ మెంత తీవ్రమైన, వెలుగు తావు అంత చిన్నదగును. ఆ తావును వరుసగా జరుపుచు పోగా పూర్తి చిత్రము ఏర్పడును.

ఈ ఊహను హెల్ 1994లో, యాన్ విక్‌మన్ అను విద్యార్థితో కలసి ప్రకటించెను. గోటింగెన్‌లోని మాక్సు ప్లాంకు పరిశోధనాలయమున దానిని చేసి చూపునప్పటికి 2000వ సంవత్సరము వచ్చెను. 2012లో ఆయన బృందము బ్రదికియున్న ఎలుక మెదడులో నాడీకణముల సన్నని ముండ్ల వంటి భాగములు కదలుటను చూడగలిగెను. వేరు మార్గముల కృషి చేసిన ఎరిక్ బెట్జిగ్, విలియం మోర్నర్ అను వారితో పాటు 2014లో ఈ భౌతికశాస్త్రజ్ఞునకు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించెను.

యేనా శిలపై చెక్కిన సూత్రము నేటికిని సత్యమే. కాంతిని ఎంత చిన్న మచ్చగా కూర్పవచ్చునో అది చెప్పును. ఆ మచ్చలోని అణువులన్నియు ఒక్కమారే వెలుగవలెనని మాత్రము అది చెప్పలేదు. చెప్పిన దానిని, చెప్పని దానిని వేరుపరచి చూచిన వానికి దారి దొరకెను.