అంతరిక్ష వేసవి బడికి వెళ్లేది రాకెట్ తయారుచేయడానికేనా?

విదేశంలో జరిగే అంతరిక్ష వేసవి బడిలో సీటు వచ్చిందంటే ఇంట్లో రెండు మాటలు ఒకేసారి వినిపిస్తాయి. ఒకటి ‘మాషా అల్లాహ్’. రెండోది ‘ఎంత అవుతుందట?’. రెండూ న్యాయమైన మాటలే. అయితే రెండో ప్రశ్నకు సరైన జవాబు దొరకాలంటే, అక్కడికి వెళ్లిన విద్యార్థి ఏం చేస్తాడు, ఏం నేర్చుకుని వస్తాడు అన్నది ముందు తెలియాలి.

ఎలా మొదలైంది?

ఇలాంటి బడుల్లో బాగా పేరున్నది ఇంటర్నేషనల్ స్పేస్ యూనివర్సిటీ నడిపే ‘స్పేస్ స్టడీస్ ప్రోగ్రామ్’. పీటర్ డయమాండిస్, టాడ్ హాలీ, రాబర్ట్ రిచర్డ్స్ అనే ముగ్గురు యువకులు 1987లో ఈ సంస్థను స్థాపించారు. మరుసటి ఏడాది వేసవిలో అమెరికాలోని ఎంఐటీలో మొదటి తరగతులు జరిగాయి. 21 దేశాల నుంచి 104 మంది వచ్చారు. అమెరికా, సోవియట్ యూనియన్ మధ్య ప్రచ్ఛన్న యుద్ధం ఇంకా ముగియని రోజులవి. వేర్వేరు దేశాలవాళ్లు ఒకే గదిలో కూర్చుని అంతరిక్షం గురించి చదువుకోవాలన్నదే వారి ఆలోచన.

సంస్థ శాశ్వత క్యాంపస్ ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఉంది. వేసవి బడి మాత్రం ఊళ్లు తిరుగుతుంది. 2017లో ఐర్లండ్‌లోని కార్క్‌లో, 2022లో పోర్చుగల్‌లో, 2023లో బ్రెజిల్‌లో, 2024లో హ్యూస్టన్‌లో జరిగింది. వ్యవధి సుమారు రెండు నెలలు. బోధన అంతా ఇంగ్లిష్‌లోనే. ఇది స్కూలు పిల్లల కోసం కాదు. డిగ్రీ పూర్తయినవారు, పీజీ, పీహెచ్‌డీ చేస్తున్నవారు, ఉద్యోగాల్లో ఉన్నవారు దీనికి వస్తారు.

లాయరుకు, డాక్టరుకు అక్కడేం పని?

చాలామంది పొరబడేది ఇక్కడే. ‘స్పేస్ అంటే ఇంజినీర్లది, మా అమ్మాయి లా చదివింది, ఆమెకెందుకు?’ అంటారు. కానీ ఈ బడిలో ఇంజినీరింగ్ ఒక విభాగం మాత్రమే. అంతరిక్ష శాస్త్రం, ఉపగ్రహాల ఉపయోగాలు, అంతరిక్షంలో మనిషి ఆరోగ్యం, చట్టం, విధానం, వ్యాపార నిర్వహణ, మానవీయ శాస్త్రాలు కూడా ఉంటాయి. అందరూ అన్నింటి గురించి కొంత వినాలి. తర్వాత ఒక విభాగంలో లోతుగా పనిచేయాలి.

లాయరు ఎందుకో ఒక ఉదాహరణ చూద్దాం. 1978లో సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 కెనడా ఉత్తర ప్రాంతంలో కూలింది. అందులో అణు రియాక్టర్ ఉండటంతో రేడియోధార్మిక శకలాలు మంచు నేలల మీద చెల్లాచెదురుగా పడ్డాయి. వాటిని వెతికి తీయడానికి అయిన ఖర్చు ఎవరు భరించాలి? భూమి మీద జరిగే నష్టానికి ఉపగ్రహాన్ని ప్రయోగించిన దేశమే బాధ్యత వహించాలని 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది. కెనడా సుమారు 60 లక్షల డాలర్లు అడిగింది. చివరకు 1981లో 30 లక్షల కెనడియన్ డాలర్లకు రాజీ కుదిరింది. ఇక్కడ అవసరమైనది రాకెట్ తెలిసినవాళ్లు ఒక్కరే కాదు, ఒప్పందాన్ని చదవగలిగినవాళ్లు కూడా.

డాక్టర్ల సంగతీ అంతే. బరువు తెలియని స్థితిలో వ్యోమగామి ఎముకలు కొన్ని చోట్ల నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం వరకు సాంద్రత కోల్పోతాయి. అందుకే అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్లు రోజూ గంటల కొద్దీ వ్యాయామం చేస్తారు.

మన ఇళ్లలో సరదాగా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘అక్కడ కిబ్లా ఎటువైపు?’ ఇదీ ఉత్త ప్రశ్న కాదు. మలేసియాకు చెందిన షేక్ ముజఫర్ షుకోర్ 2007 అక్టోబర్‌లో, రంజాన్ నెలలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు. ఆ కేంద్రం దాదాపు 90 నిమిషాలకోసారి భూమిని చుట్టేస్తుంది. అంటే రోజుకు 16 సూర్యోదయాలు. మరి ఫజ్ర్ ఎప్పుడు? మలేసియాలో ఉలమాలు, శాస్త్రవేత్తలు కలిసి చర్చించి మార్గదర్శకాలు తయారుచేశారు. ప్రయాణం మొదలైన చోటి సమయాన్ని పాటించాలని, కిబ్లా విషయంలో సాధ్యమైనంత ప్రయత్నిస్తే చాలని చెప్పారు. శాస్త్రం తెలిసినవారు, ధర్మం తెలిసినవారు ఒకచోట కూర్చుంటేనే ఆ జవాబు వచ్చింది. వేసవి బడి నేర్పేది కూడా సరిగ్గా ఇలా కలిసి కూర్చోవడమే.

అసలు పరీక్ష టీమ్ ప్రాజెక్ట్

మొదటి వారాలు లెక్చర్లు, వర్క్‌షాపులతో గడుస్తాయి. చిన్న నమూనా రాకెట్లు తయారుచేసి ఎగరేయడం, వ్యోమగాములతో ముఖాముఖి, ఒక్కో దేశంవాళ్లు తమ పాటలు, వంటలు, దుస్తులు చూపించే సాంస్కృతిక రాత్రులు ఉంటాయి. ఫోటోల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే.

ఫోటోల్లో కనిపించని పని టీమ్ ప్రాజెక్ట్. ఒక్కో జట్టులో పదుల సంఖ్యలో మనుషులుంటారు. ఒకరు ఫిజిక్స్, ఒకరు బ్యాంకింగ్, ఒకరు వైద్యం, ఒకరు డిజైన్. ఇచ్చిన సమస్య మీద అందరూ కలిసి ఒకే నివేదిక రాసి, గడువులోగా ఇచ్చి, నిపుణుల ముందు వివరించాలి.

మన విద్యార్థికి సాధారణంగా కష్టమనిపించేది ఇక్కడే. మన చదువులో ప్రశ్న ఒకరు అడుగుతారు, జవాబు ఒక్కడే రాస్తాడు, మార్కులు ఆ ఒక్కడివే. అక్కడ ప్రశ్నను కూడా జట్టే తేల్చుకోవాలి. వయసులో పెద్దవాళ్ల మాటను కూడా మర్యాదగా కాదనాలి. తను రాసిన పేజీని ఇంకొకరు కొట్టేస్తే ఓర్చుకోవాలి. తన సబ్జెక్టు తెలియని మనిషికి తన మాట అర్థమయ్యేలా చెప్పాలి. ‘తెలియదు, మళ్లీ చెప్పండి’ అనడానికి సిగ్గుపడకూడదు. రెండు నెలల తర్వాత మిగిలే అసలు చదువు ఇదే.

తిండి, నమాజ్ సంగతి

అమ్మీలకు ఉండే బెంగ ఇది. స్ట్రాస్‌బోర్గ్ లాంటి ఊళ్లో పెద్ద మసీదు ఉంది, హలాల్ దుకాణాలూ దొరుకుతాయి. కానీ బడి ప్రతిసారీ అక్కడే జరగదు కాబట్టి, ఆ ఏడాది ఏ ఊరో తెలిసిన వెంటనే భోజనం గురించి నిర్వాహకులకు ముందే రాయడం మంచిది. యూరప్‌లో జూన్, జూలైలో పొద్దు చాలా పొడుగు. స్ట్రాస్‌బోర్గ్‌లో జూన్ చివర సూర్యాస్తమయం రాత్రి 9:30 దాటాకే. ఇషా బాగా ఆలస్యం, ఫజ్ర్ బాగా తొందర. పగలంతా తరగతులున్న విద్యార్థి నిద్రను ఎలా సర్దుకోవాలో ముందే ఆలోచించుకోవాలి. రంజాన్ ఇప్పుడు చలికాలం వైపు జరిగింది కాబట్టి, కొన్నేళ్లపాటు వేసవి బడిలో ఉపవాసాల ఇబ్బంది ఉండదు.

డబ్బు కట్టే ముందు

ఫీజు, బస, విమానం కలిపితే ఖర్చు లక్షల్లో ఉంటుంది. స్కాలర్‌షిప్‌లు ఉంటాయి. కానీ వాటికి త్వరగా దరఖాస్తు చేయాలి, అందరికీ రావు. తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే విదేశీ విద్యా సాయం పీజీ, పీహెచ్‌డీ చదువులకు ఉద్దేశించింది. అది వేసవి కోర్సుకు కూడా వస్తుందనే నమ్మకంతో ఎక్కడా డబ్బు కట్టేయకూడదు.

ఇంకో సంగతి. ‘నాసాకు ఎంపిక’ అని ఫ్లెక్సీలు కనిపిస్తుంటాయి. అమెరికాలోని హంట్స్‌విల్‌లో 1982 నుంచి నడుస్తున్న స్పేస్ క్యాంప్ మంచిదే, పిల్లలకు ఉత్సాహాన్నిస్తుంది. కానీ అది అక్కడి మ్యూజియం నడిపే క్యాంప్, డబ్బు కట్టి చేరేది. నాసా ఉద్యోగానికి, వ్యోమగామి శిక్షణకు దానితో సంబంధం లేదు. ఆస్ట్రియాలోని ఆల్‌ప్‌బాక్ వేసవి బడికి ఎంతో పేరుంది. అది ప్రధానంగా యూరప్ అంతరిక్ష సంస్థ సభ్యదేశాల విద్యార్థులది.

కాబట్టి ఏ బడి గురించి విన్నా మూడు ప్రశ్నలు అడగాలి. నడిపేది ఎవరు? ఎంపిక ప్రతిభ చూసా, ఫీజు చూసా? అక్కడ విద్యార్థి చేసే పని ఏమిటి? మూడో ప్రశ్నకు ‘సర్టిఫికెట్ ఇస్తారు’ అన్న జవాబు మాత్రమే వస్తే ఆగి ఆలోచించాలి.

స్కూలు వయసు పిల్లలకు ఇంటి దగ్గరే దారి ఉంది. ఇస్రో 2019లో మొదలుపెట్టిన ‘యువిక’ 9వ తరగతి పిల్లల కోసం. ఎంపికైనవారి ప్రయాణం, బస, భోజనం ఖర్చు ఇస్రోదే. హైదరాబాద్‌లోనే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. 2022 నవంబర్ 18న దేశంలో తొలి ప్రైవేటు రాకెట్ విక్రమ్-ఎస్‌ను ఎగరేసిన స్కైరూట్ కూడా హైదరాబాద్ కంపెనీయే.

వేసవి బడి సర్టిఫికెట్‌తో ఇస్రోలో ఉద్యోగం రాదు, దానికి ఇస్రో పెట్టే ఎంపిక వేరే. వచ్చేది వేర్వేరు దేశాల్లో పరిచయాలు, వేరే రంగం వాళ్లతో కలిసి పనిచేసే నేర్పు. డిగ్రీ పూర్తయి, తన రంగంలో కాస్త పట్టు సాధించి, అంతరిక్షం వైపు వెళ్లాలని గట్టిగా అనుకునే యువతకు అవి చాలా విలువైనవి. అలాంటి అమ్మాయికో అబ్బాయికో స్కాలర్‌షిప్ దొరికితే వెనక్కి లాగకండి. ఇంటర్ చదివే పిల్లవాడి కోసం వడ్డీకి అప్పు తేవాల్సి వస్తే మాత్రం ఆగండి. ఆ బడి ఏటా జరుగుతుంది. ముందు ఇక్కడి చదువు గట్టిపడనివ్వండి, తర్వాత వెళ్లినా ఆలస్యమేమీ కాదు.