మొలక నుండి వనం వరకు

నేల, నీరు, తరుగుల్మాలు, పశుపక్ష్యాదులు పరస్పరాశ్రయంతో మనుగడ సాగించే తావును సహజ ఆవాసమంటారు. చెడిన ఆవాసాన్ని తిరిగి నెలకొల్పడమనే ఇతివృత్తం ఆధునిక బాలసాహిత్యంలో విశేషమైన ఆదరణ పొందింది.

అమెరికా రచయిత డాక్టర్ స్యూస్ 1971లో ప్రకటించిన ‘ది లోరాక్స్’ ఈ కోవలో సుప్రసిద్ధం. ఒకని ధనాశకు అడవి యావత్తూ నేలకూలుతుంది. మిగిలిన చివరి విత్తనాన్ని అతడు ఒక బాలునికి అప్పగించడంతో కథ ముగుస్తుంది. విత్తిన పిమ్మట ఏమి జరిగిందో ఆ పుస్తకం చెప్పదు. కెన్యాలో 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమాన్ని ఆరంభించి, 2004లో నోబెల్ శాంతి బహుమతి పొందిన వంగారి మాతాయిని గురించి 2008లో క్లెయిర్ నివోలా రచించిన సచిత్ర గ్రంథం మరికొంత ముందుకు సాగుతుంది. చెట్లు పోవడం వల్లనే వాగులు ఎండిపోయాయన్న కార్యకారణ సంబంధాన్ని అది బాలలకు సుబోధకం చేస్తుంది.

మన దేశానికి చెందిన జాదవ్ పాయెంగ్ కథ వీటన్నిటికంటె లోతైనదని నా అభిప్రాయం. ఆయన అస్సాంలోని మిసింగ్ తెగవాడు. 1979లో బ్రహ్మపుత్ర వరదకు కొట్టుకొనివచ్చిన పాములు, నీడలేని ఇసుక లంక మీద ఎండకు మాడి చనిపోవడం చూచి ఆ యువకుడు చలించిపోయాడు. మొదట వెదురు నాటాడు. నేల గుల్లబారడానికి ఎర్రచీమలను మోసుకొనివచ్చి విడిచాడు. అవి కుట్టినా సహించాడు. తరువాతనే ఇతర వృక్షాలు, వాటి వెంట పక్షులు, జింకలు, పులులు, ఏనుగులు వచ్చాయి. మన ప్రబంధాలలో ఉద్యానవర్ణన వచ్చేసరికి వనం అప్పటికే పుష్పించి ఉంటుంది. దానిని పెంచినవాని ఊసు అరుదు. ఇక్కడ పెంపకమే కథ. దాదాపు 1,300 ఎకరాలకు విస్తరించిన ఆ వనాన్ని గురించి సోఫియా గోల్జ్ 2019లో ‘ది బాయ్ హూ గ్రూ ఎ ఫారెస్ట్’ అనే పుస్తకం వ్రాశారు. పాయెంగ్‌కు 2015లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

చెట్లు నాటుమని పిల్లలకు చెప్పడం సులభం. అడవి పెరిగితే ఏనుగు వస్తుందని, ఏనుగు వస్తే పేదవాని పంట పోవచ్చునని చెప్పడం కష్టం. ఆ సంగతిని దాచిన పుస్తకం ఎంత అందంగా ఉన్నా అసంపూర్ణమే. పాయెంగ్ విషయంలో జరిగినదీ ఇదే. ఏనుగులు ఇళ్లను, పైరును ధ్వంసం చేయగా, గ్రామస్థులు ఆగ్రహించి అడవిని నరికివేస్తామన్నారు. ముందుగా తనను నరకండని ఆయన వారికి అడ్డునిలిచాడు. ఆ ఏనుగుల జాడ వెదకుతూ 2008లో వచ్చిన అటవీశాఖవారు, ఇసుక లంక మీద అంతటి అడవిని చూచి విస్మయం చెందారు.