అలారం బిగించే మనిషి కరెంటు పని చేయవచ్చునా?

ఇవాళ నేను చెప్పబోయేది ఇంగ్లండులో కాపురాలున్న మన పిల్లల ఇళ్ల సంగతి. కూతురి పురిటికనో, మనవడిని చూసుకోవడానికనో వెళ్లి నెలల తరబడి అక్కడ ఉండి వచ్చేవాళ్లు మనలో ఎంతోమంది ఉన్నారు. పిల్లలు ఆఫీసులకు వెళ్లిపోతే పగలంతా ఇంట్లో ఉండేది మనమే కదా! దొంగల అలారం బిగించడానికి మనిషి వస్తే తలుపు తీసేదీ, అతను గోడ తొలుస్తుంటే చూస్తూ కూర్చునేదీ మనమే.

అలారం పెట్టెకు కరెంటు కావాలి. మామూలు ప్లగ్గు పెట్టి ఊరుకోవచ్చు కదా అంటారేమో. ఇల్లు ఊడ్చే మిషను పెట్టుకోవడానికి ఎవరో ఒకరు ఆ ప్లగ్గు పీకేస్తారు, మళ్లీ పెట్టడం మరిచిపోతారు. పెట్టెలో బ్యాటరీ ఉంటుంది గాని అది కొన్ని గంటలకే. అందుకని ఊడదీయడానికి వీల్లేకుండా గోడకే బిగించేస్తారు. దాన్ని ఫ్యూజ్డ్ స్పర్ అంటారు.

ఇదేమిటో కొంచెం చెబుతాను. అక్కడ చాలా ఇళ్లలో ప్లగ్గుల వైరు మెయిన్ బోర్డులో బయలుదేరి, గదులన్నీ చుట్టి, మళ్లీ బోర్డుకే వచ్చి చేరుతుంది, మెడలో హారంలాగా. ఆ హారానికి ఒకచోట నుంచి వేలాడే పతకం లాంటిది ఈ స్పర్. హారానికి బోర్డులో ఉండే బ్రేకరు 32 ఆంపియర్లది. అలారానికి వెళ్లేదేమో సన్నని వైరు. ఆ వైరులో ఏదైనా తేడా వస్తే, 32 ఆంపియర్ల బ్రేకరు పడేలోగానే అది కాలిపోవచ్చు. అందుకే మధ్యలో చిన్న పెట్టె పెట్టి, అందులో సాధారణంగా 3 ఆంపియర్ల ఫ్యూజు వేస్తారు.

చూడ్డానికి నాలుగు స్క్రూల పని. కాని కష్టమంతా అది ఎక్కడినుంచి తీసుకోవాలన్న దాంట్లో ఉంది. ప్లగ్గు విప్పితే వెనక రెండు వైర్లు కనిపిస్తాయి. రెండున్నాయి కాబట్టి ఇది హారంలోదే అనుకుంటాడు తెలియనివాడు. అది అంతకుముందే ఎవరో లాగిన పతకం కూడా కావచ్చు! మీటరు పెట్టి పరీక్షిస్తే తప్ప, కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

మరి ఈ పని ఎవరు చేయాలి? అలారం కంపెనీలను తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చే సంస్థలు అక్కడ ఉన్నాయి, ఎన్.ఎస్.ఐ. అనీ, ఎస్.ఎస్.ఎ.ఐ.బి. అనీ. ఆ గుర్తు చూసి మనం సంతోషిస్తాం. సంతోషించవలసిందే. కాని అది అలారం పనికి ఇచ్చిన గుర్తింపు. మెయిన్ కరెంటు వైరు మీద చెయ్యి వేశాడంటే అది వేరే విద్య. ఎలక్ట్రీషియన్లకు ఎన్.ఐ.సి.ఇ.ఐ.సి., నాపిట్ వంటి సంస్థలు వేరే ఉన్నాయి.

ఇళ్లలో కరెంటు పనికి ఇంగ్లండులో ‘పార్ట్ పి’ అనే నియమం 2005 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు ఏడే, 2004లో, లండనులో ఒక పార్లమెంటు సభ్యురాలి కూతురు తన వంటింట్లోనే కరెంటు తగిలి చనిపోయింది. గోడలో వైరును నిలువుగానో అడ్డంగానో కాకుండా ఐమూలగా లాగేశారు. గరిటెలు తగిలించే లోహపు పట్టీ బిగించినప్పుడు దాని స్క్రూ ఆ వైరులో దిగింది. పాపం, ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు. గోడలో దాగే వైరు పైకి కనిపించే పెట్టెకు తిన్నగా నిలువునో, తిన్నగా అడ్డంగానో పోవాలని అందుకే అంటారు. మీరు చూస్తుండగా ఎవరైనా దగ్గరి దారి అని ఐమూలగా గాడి కొడితే వెంటనే ఆపించండి.

2013 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లండులో ఆ నియమం కొంత సడలించారు. బోర్డు మార్చినా, కొత్త సర్క్యూట్ వేసినా, స్నానాల గదిలో తొట్టి, షవరు దగ్గర పని చేసినా కౌన్సిలుకు తెలియపరచాలి, లేదా నమోదైన ఎలక్ట్రీషియను చేయాలి. ఉన్న సర్క్యూట్ నుంచి స్పర్ తీస్తే మాత్రం తెలియపరచనక్కరలేదు. (వేల్స్, స్కాట్లండు, ఉత్తర ఐర్లండుల పద్ధతులు వేరు.) ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. తెలియపరచనక్కరలేదంటే ఎవరుబడితే వాళ్లు చేయవచ్చునని కాదు. పని భద్రంగా ఉండాలన్న నియమం అలాగే ఉంది. తగిన జ్ఞానమో అనుభవమో లేనివాడు ప్రమాదమున్న కరెంటు పనికి పూనుకోకూడదని 1989 నాటి మరో చట్టం ఉద్యోగులకూ పనివాళ్లకూ చెబుతోంది. అలారం మనిషీ ఆ లెక్కలోకి వస్తాడు.

కాబట్టి అలారం మనిషి చేయకూడదని లేదు. నేర్చుకుని ఉండాలి, పరీక్షించాలి, సంతకం పెట్టాలి. అక్కడి వైరింగు నియమావళి, బి.ఎస్. 7671 అంటారు, దాని ప్రకారం ఇలాంటి చిన్న పనికి కూడా ‘మైనర్ వర్క్స్’ సర్టిఫికెట్ అని ఒక కాగితం ఉంది. ఎర్తు సరిగా అందుతోందా, వైర్లు తారుమారు కాలేదా, ఇన్సులేషన్ బాగుందా అన్నవాటికి అందులో అంకెలు వేసి ఇవ్వాలి. ఆ కాగితం ఇస్తారా అని పనికి ఒప్పుకునేముందే అమ్మాయి చేతనో అల్లుడి చేతనో ఫోనులో అడిగించండి. తడబడితే, ఆ పెట్టె ఒక్కటీ ఎలక్ట్రీషియను చేత ముందే పెట్టించి, మిగతాది అలారం మనిషికి వదిలేయడం మంచిది. రెండు ఖర్చులే, కాని నా ఓటు దీనికే.

మన దేశంలో చట్టం ఇంకా గట్టిది, మీకు తెలుసా? 1956 నాటి నియమాల్లోనూ, వాటి స్థానంలో 2010లో, మళ్లీ 2023లో వచ్చినవాటిలోనూ ఉన్నదొకటే. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చుకోవడం లాంటివి తప్ప, వైరింగు పని లైసెన్సున్న కాంట్రాక్టరు, పర్మిట్ ఉన్న మనిషి చేతనే చేయించాలి. మనం ఎవర్ని పిలుస్తున్నామో మనకు తెలుసు. కెమెరా బిగించడానికి వచ్చిన కుర్రాడే పక్కనున్న స్విచ్చిబోర్డు విప్పేస్తుంటే కాఫీ ఇచ్చి కూర్చుంటున్నాం.

ఇంకొక్క మాట. ఆ స్పర్ పెట్టెలో ఫ్యూజు పోతే ఇంట్లో ఉన్న 13 ఆంపియర్లది సరిగ్గా పడుతుంది, ఎందుకంటే రెండూ ఒకే కొలత. పడుతుంది కదా అని పెట్టకండి. పెడితే ఆ సన్న వైరుకు కాపలా పోయినట్టే. 3 అంకె ఉన్నదే తెప్పించండి, అదీ మళ్లీ పోతే కంపెనీకి ఫోను చేయించండి.