కంప్యూటరు వలల విద్య : తెరపై అభ్యాసము

నీటిలో దిగనిదే ఈత రాదని పెద్దలు చెప్పుదురు. కంప్యూటరు నెట్‌వర్కుల విద్యకును ఈ మాట వర్తించును. కాని ఇందొక చిక్కు కలదు. ఈత నేర్చువాడు దిగవలసిన చెరువే ఊరివారందరు త్రాగు మంచినీటి చెరువైనచో ఎట్లుండును? నెట్‌వర్కు నేర్వగోరు విద్యార్థి స్థితి అట్టిది. బ్యాంకులోగాని, ఆసుపత్రిలోగాని, చివరకు పాఠశాల కార్యాలయములోగాని పనిచేయుచున్న నెట్‌వర్కుపై ప్రయోగములు చేయుటకు ఎవరును అంగీకరింపరు. అంగీకరింపకపోవుట న్యాయమే.

2021 అక్టోబరు 4వ తేదీన ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ అను మూడు సేవలును ప్రపంచమంతట సుమారు ఆరు గంటలకాలము నిలిచిపోయెను. ఇది శత్రువులు చేసిన పని కాదు. ఆ సంస్థ ఇంజనీర్లు తమ కేంద్రములను కలుపు ప్రధాన మార్గముల శక్తిని అంచనా కట్టుటకై, మామూలు నిర్వహణలో భాగముగా, ఒక ఆజ్ఞను ఇచ్చిరి. ఆ ఆజ్ఞ ఆ మార్గములనన్నిటిని తెంచివేసెను. పొరపాటు ఆజ్ఞలను అడ్డగింపవలసిన తనిఖీ సాధనములోనే లోపముండుటచే అది ఆగలేదు. అంతట, పేరు చెప్పినచో చిరునామా తెలుపు ఆ సంస్థ యంత్రములు తమకు కేంద్రములతో సంబంధము పోయినదని గ్రహించి, తమ వద్దకు దారి ఇదియని లోకమునకు చాటుట మానివేసెను. దూరమునుండి సరిదిద్దుటకు దారి లేకపోయెను. మనుష్యులే స్వయముగా కేంద్రములకు పోయి చక్కబెట్టవలసి వచ్చెను. ఆరితేరినవారికే ఇట్లు జరిగినప్పుడు, నేర్చుకొనువాని చేతికి నిజమైన నెట్‌వర్కును ఎట్లు అప్పగింతుము?

విమానము నడుపు విద్యలో ఇట్టి ఇబ్బందినే ఎదుర్కొని, నేలమీదనే ఉండి విమానమును అనుకరించు యంత్రములను నిర్మించిరి. నెట్‌వర్కు విద్యలోను అదే ఉపాయము పన్నబడినది. కంప్యూటరును గురువుగా వాడుట అనునది నిన్నమొన్నటి ఆలోచన కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో 1960లోనే ప్లేటో అను బోధనా యంత్రవ్యవస్థ పని ప్రారంభించెను. నెట్‌వర్కుల విద్యలో బాగుగ వ్యాపించిన ప్రయత్నము సిస్కో కంపెనీవారు 1997లో స్థాపించిన నెట్‌వర్కింగ్ అకాడమీ. దీని పుట్టుక ఉపాధ్యాయులు వినదగినది. అంతకు కొన్ని యేండ్లముందు ఆ కంపెనీ అమెరికా పాఠశాలలకు నెట్‌వర్కులను అమర్చి ఇచ్చుటకు పూనుకొనెను. అమర్చుట సులభమే గాని, తరువాత వానిని కాపాడుకొను వారు పాఠశాలలలో లేరని త్వరలోనే తేలినది. అందుచే జార్జి వార్డు అను ఇంజనీరు మొదట అక్కడి ఉపాధ్యాయులకును సిబ్బందికిని పాఠములు చెప్పెను. పిమ్మట విద్యార్థులకే ఈ విద్య నేర్పు పద్ధతి ఏర్పడినది.

ఈ అకాడమీ పాఠములతోపాటు లభించు సాధనము ప్యాకెట్ ట్రేసర్. అకాడమీలో పేరు నమోదు చేసికొన్నవారికి ఇది వెల లేకుండ దొరకును. ఇందు తెరయే ప్రయోగశాల. కంప్యూటర్లు, స్విచ్చులు, రౌటర్లు, తీగలు అన్నియు బొమ్మలుగా ఉండును. వలసినవానిని తెచ్చి తెరపై ఉంచి, తీగలతో కలిపి, ప్రతి యంత్రమునకును చిరునామా నిచ్చి పని చేయించవచ్చును. దీని విశేషము వేరొకటి కలదు. నిజమైన తీగలో ప్రవహించు సమాచారము కంటికి కనబడదు. రెప్పపాటులో వేలకొలది పొట్లములు పోవును. ఈ సాధనములో కాలమును ఆపవచ్చును. ఒక్కొక్క పొట్లము, అనగా ప్యాకెట్టు, రంగు కవరువలె తెరపై కనబడుచు, మనము మీట నొక్కినకొలది ఒక్కొక్క మజిలీ నడచును. కవరును విప్పి లోపలనేమున్నదో చదువవచ్చును.

ఉదాహరణకు, నడుమ ఒక రౌటరు నుంచి, దానికి రెండు వైపుల రెండు కంప్యూటర్లు అమర్చితిమనుకొందము. మొదటిదానినుండి రెండవదానికి ‘పింగ్’ పంపుదము. పింగ్ అనగా ‘ఉన్నావా?’ అని పిలుచుట. అవతలిది ‘ఉన్నాను’ అని బదులు పలుకవలెను. దీనిని 1983లో మైక్ మ్యూస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వ్రాసెను. సముద్రములో జలాంతర్గాములను వెదకుటకు ధ్వనిని పంపి ప్రతిధ్వనిని వినెడి సోనార్ చప్పుడునుబట్టి ఆ పేరు పెట్టెను. మన కంప్యూటరు నాలుగు పిలుపులు పంపును. తరచుగా మొదటిదానికి బదులు రాదు. మిగిలిన మూడింటికి వచ్చును. క్రొత్త విద్యార్థి దీనిని చూచి తీగ వదులైనదని తలచి తడుముకొనును. తీగలో దోషమేమియు లేదు. మరి ఆ మొదటి పిలుపు ఏమైనది?

మీట నొక్కుచు నెమ్మదిగా చూచినచో సంగతి తెలియును. ప్రతి యంత్రమునకును రెండు గుర్తులుండును. ఒకటి ఐపీ చిరునామా. ఇది మనము ఇచ్చునది, ఇల్లు మారినప్పుడు మారు ఇంటి నంబరు వంటిది. రెండవది తయారుచేసినవారు యంత్రమునకు వేసిన 48 బిట్ల సంఖ్య. దీనిని మ్యాక్ చిరునామా అందురు. పొట్లము రౌటరును చేరునప్పటికి, గమ్యము యొక్క ఐపీ చిరునామా రౌటరునకు తెలియును గాని మ్యాక్ చిరునామా తెలియదు. అది తెలియనిదే ఆఖరి మజిలీలో పొట్లమును అందజేయుట సాధ్యము కాదు. కావున రౌటరు ఆ వైపుననున్న వారినందరినుద్దేశించి ‘ఈ చిరునామా ఎవరిది?’ అని కేక వేయును. జవాబు వచ్చులోగా చేతిలోనున్న పొట్లమును అది పారవేయును. రెండవ పిలుపు వచ్చునప్పటికి జవాబు చేతిలోనుండును. ఇక అడ్డు లేదు. పుస్తకములో ‘ఏఆర్‌పీ అనగానేమి?’ అను ప్రశ్నకు రెండు వాక్యములు వల్లించిన విద్యార్థి ఎందరో కలరు. పోయిన ఆ ఒక్క కవరును కంటితో చూచినవాడు మాత్రము దానిని మరువడు.

తప్పును కావలెనని చేసి చూచుట మరియొక ప్రయోగము. ఒకే స్విచ్చునకు రెండు కంప్యూటర్లను కలిపి, ఒకదానికి 192.168.10.5 అనియు, రెండవదానికి 192.168.10.200 అనియు చిరునామాలిచ్చి, రెండింటికిని ముసుగు 255.255.255.0 అని ఉంచుడు. ఇరుగుపొరుగులు చక్కగా పలుకరించుకొందురు. ఇప్పుడు మొదటిదాని ముసుగును 255.255.255.128గా మార్చుడు. ఏమైనది? మొదటి ముసుగు ప్రకారము ఆ వీధిలో 0 మొదలు 255 వరకు 256 సంఖ్యలు. అందు మొదటిదియు చివరిదియు ప్రత్యేక కార్యములకు పోగా 254 ఇండ్లు. క్రొత్త ముసుగు వీధిని సగము చేసినది. 5వ ఇంటివాని దృష్టిలో తన వీధి 127తో ముగిసిపోయెను; 200 పరాయి వీధిలో చేరెను. పరాయి వీధికి పోవు ద్వారమేదో వానికి మనము చెప్పలేదు గనుక కవరు గడప దాటకయే అక్కడనే రాలిపోవును. నిజమైన యంత్రములలో తీగ తెగినను, ముసుగు తప్పినను, విద్యార్థికి కనబడునది ఒక్కటే: బదులు రాలేదు. కవరు ఏ మజిలీలో నిలిచినదో, ఎందుకు నిలిచినదో తెరమీద తెలియును. 255.255.255.128ని రెండంకెల పద్ధతిలో, అనగా 0, 1లతో వ్రాసి చూపుటకు గణితోపాధ్యాయునికి ఇంతకంటె మంచి సందర్భము దొరకదు.

అయితే ప్యాకెట్ ట్రేసర్ బొమ్మయేగాని యంత్రము కాదు. నిజమైన రౌటరు గ్రహించు ఆజ్ఞలలో కొన్నింటినే అది గ్రహించును. పై తరగతులవారికి జీఎన్ఎస్3 వంటివి కలవు. వీనిలో రౌటరును అనుకరించుట కాక, రౌటరులో నడచు అసలు సాఫ్ట్‌వేరునే మన కంప్యూటరులో నడుపుదురు. నాటకములో రాజు వేషమునకును రాజునకును గల భేదము వంటిదిది; కాని దీనికి బలమైన కంప్యూటరు కావలెను. నిజమైన పొట్లములను పట్టి చూపు సాధనము వైర్‌షార్క్; 1998లో ఈథీరియల్ అను పేరుతో వెలువడి, 2006లో ఈ పేరు పొందెను. దీనిని మన సొంత కంప్యూటరుపైననే వాడవలెను. ఇతరుల పొట్లములను విప్పిచూచుట పరుల ఉత్తరములను చదువుట వంటిదని పిల్లలకు మొదటి దినముననే చెప్పుట మంచిది.

మన దేశమున ఐఐటీలును, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సును కలసి నడుపు ఎన్‌పీటీఈఎల్‌లో ఈ విషయముపై ఉపన్యాసములు కలవు. 2017లో ప్రారంభమైన స్వయం వేదికపై పేరు నమోదు చేసికొని అట్టి పాఠములను అనుసరింపవచ్చును. వర్చువల్ ల్యాబ్స్ అను పథకములో హైదరాబాదులోని ఐఐఐటీయు పాల్గొనినది. ఉపన్యాసములు మంచివే. కాని ఈ విద్యలో వినుట పావువంతు, చేయుట ముప్పాతిక వంతు అని నా అభిప్రాయము. గంటసేపు ఉపన్యాసము వినినవాడు ఆ సాయంకాలమే రెండు కంప్యూటర్ల వలనైనను కట్టి చూడనిచో విన్నదంతయు నీరుగారిపోవును.

తెర నేర్పజాలనివియు కొన్ని కలవు. తీగలోని ఎనిమిది సన్నతీగలను రంగుల వరుసలో పేర్చి, కొసకు తొడుగును బిగించుట చేతిపని. ఎలుక కొరికిన తీగ, ధూళి నిండిన స్విచ్చు, కరెంటు పోయి వచ్చిన తరువాత మేలుకొనని రౌటరు తెరపైనుండవు. ఇందులకు పాత స్విచ్చు ఒకటి, నాలుగు మూరల తీగ పాఠశాలలో ఉన్నను చాలును.

కంప్యూటరే లేని తరగతిలోనైనను ఆరంభించుటకు అడ్డు లేదు. ప్రతి విద్యార్థికిని ఒక చిరునామా చీటీ ఇచ్చి, ప్రతి వరుస చివర కూర్చున్నవానిని రౌటరుగా నియమింపవలెను. వాని చేతిలో ఏ చిరునామాకు వచ్చిన కవరును ఏ వరుసకు పంపవలెనో తెలుపు పట్టిక యుండును. కవరుపై చిరునామాయే గాని పేరుండరాదు, మాటలాడరాదు. రెండు మూడు ఉత్తరములు సరిగా చేరిన పిమ్మట, ఉపాధ్యాయుడు ఎవరికిని చెప్పక ఒక పట్టికలో ఒక పంక్తిని మార్చివేయవలెను. కవరు రెండు వరుసల నడుమ అటునిటు తిరుగుట మొదలిడును. ఇంటర్నెట్టులో ఇట్లు తిరుగు పొట్లములను అంతము చేయుటకే ప్రతి పొట్లముపైనను ఒక సంఖ్య వ్రాయబడియుండును. ప్రతి రౌటరును దానినుండి ఒకటి తీసివేయును. సున్న అయినంతనే పొట్లమును పారవేయును. ఆ సంఖ్యను కవరుపై వ్రాయించుట మరచినచో, గంట మ్రోగువరకు ఆ కవరు తిరుగుచునే యుండును.